నేను మింగేసిన మాట

2015లో నేను ఒమన్‌లోని ఖబూరాలో ఒక ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు నర్సుని. మాది నరసాపురం. వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన కూలీలు చేరితే డాక్టర్ నన్నే పిలిచేవారు. అదో గొప్ప నాకు. సూదితో పాటు ధైర్యం కూడా నేనే ఎక్కిస్తున్నాననుకునేదాన్ని.

లింగయ్యది జగిత్యాల వైపు పల్లె. షట్టరింగ్ కార్పెంటర్, అంటే స్లాబు పోయడానికి చెక్కలు బిగించే పని. తగ్గని దగ్గుతో వచ్చాడు. స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. బయాప్సీ చేశారు, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్ట్‌కి పది రోజులు పడుతుందన్నారు.

డాక్టర్ నాతో ఇంగ్లీషులో స్పష్టంగానే అన్నారు. "అదేమిటో ఇప్పుడే చెప్పలేను. ఇంటికి వెళ్ళాలనుకుంటే మాత్రం ఓపిక ఉన్న ఈ వారంలోనే వెళ్ళమను. మిగతా వైద్యం అక్కడ చేయించుకోవచ్చు."

లింగయ్య నా మొహంలోకి చూశాడు. ఆ చూపు తట్టుకోలేక, "ఏం కాదంటున్నారు, రిపోర్ట్ రానీ చూద్దాం," అన్నాను. ప్రయాణం మాట మింగేశాను. అతను భయపడతాడని అనుకున్నాను గానీ, భయం నాది.

కంపెనీ వాళ్ళు సెలవిస్తామన్నా, "ఏం గాదన్నరు గద, స్లాబ్ అయినంక పోత," అని సైట్‌కి వెళ్ళిపోయాడట. తొమ్మిదో రోజు ఆయాసంతో తీసుకొచ్చారు. రిపోర్టూ ఆ రోజే వచ్చింది. క్యాన్సర్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఫిట్ టు ఫ్లై, అంటే విమానం ఎక్కొచ్చని ఇచ్చే కాగితం, ఇవ్వలేనన్నారు డాక్టర్.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. నేను దాచిందీ చెప్పాను. తిట్టినా బాగుండేది.

"మీరు నా మంచికే అన్నరు సిస్టర్. గని తెల్వదంటే తెల్వదనే చెప్పాలె. నేను ఇంటికి పొయ్యేటోణ్ణి."

"తప్పయిపోయింది," అన్నాను.

"ఇంకెన్ని దినాలుంట?"

నాలుక చివరిదాకా పాత మాటే వచ్చింది. ఆపుకున్నాను. "తెలియదు లింగయ్య గారూ."

"సరే. గిట్ల కూసోండి."

కూర్చున్నాను. ఇంటికి ఫోన్ కలిపి అతని చెవి దగ్గర పట్టుకున్నాను. "నాకు ఆయాసమైతంది, మాట్లాడలేను. నువ్వు చెప్తుండు, నేను వింట," అన్నాడు భార్య రాజవ్వతో. ఆమె ఏడ్చింది. తర్వాత బర్రె ఈనిందని, పసుపు తవ్వుతున్నారని చెప్పింది. ఊపిరి ఎగపోస్తున్నా అతని మొహం నిమ్మళంగా ఉంది. రోజూ ప్రార్థన చేసుకునే నాకు మాత్రం ఆ నిమ్మళం లేదు. నాలుగు మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఐదో రోజు పొద్దున పోయాడు.

మృతదేహాన్ని ఇంటికి పంపే కాగితాలు సిద్ధమవుతుండగా రాజవ్వ నాకు ఫోన్ చేసింది.

"డాక్టరు ముందుగాల ఏం చెప్పలేదా అమ్మా?"

"చెప్పారమ్మా. నేనే మీ ఆయనకు చెప్పలేదు."

ఆమె ఫోను పెట్టేయలేదు. నేనూ అలాగే పట్టుకుని ఉండిపోయాను.

అప్పటినుంచి నాకు తెలియనిది తెలియదనే చెబుతున్నాను. చెప్పి లేచిపోకుండా కాసేపు పక్కనే కూర్చుంటున్నాను. ముందేముందో తెలియకపోయినా మనిషి తట్టుకుంటాడని లింగయ్య దగ్గరే నేర్చుకున్నాను. నేను నేర్చుకోవడానికి అతను బతికుండగా ఇల్లు చేరే ప్రయాణం ఖర్చయిపోయింది.