మా ప్రేమజ్యోతి, మా అక్క ఐసుపెట్టె

మా ప్రేమజ్యోతి కడపలో ఐటీఐకి పోయి ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే చదువు చదువుతోంది. నా కూతురి కూతురు. చేరిన రోజు ఊళ్లో నవ్వని నోరు లేదు. చక్కగా నర్సు చదువు చదవక ఆడపిల్లకు ఈ స్క్రూడ్రైవర్ల చదువేమిటని ఇంటి ముందుకొచ్చి మరీ అడిగారు. నేను మూడో తరగతి దాటలేదు గానీ, ఎవరికి ఏం జవాబు చెప్పాలో బడిలో నేర్చుకోవలసిన మనిషిని కాదు. "ఎండాకాలం మీ ఫ్రిజ్జు చెడిపోతాది గదా, అప్పుడు నర్సును పిలిపించుకోండి" అన్నాను.

పిల్లకు మాటలు తక్కువ. రోజూ సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఒంటినిండా నూనె వాసన, వేళ్ల మీద రాగి గొట్టాలు అతికించేటప్పుడు కాలిన మచ్చలు. ఏ మిషను దగ్గరికి పోయినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించేది.

"పాస్టరు దయ్యం పట్టినోళ్ల మీద చెయ్యి పెట్టినట్టుండాదే" అని నేను ఎగతాళి చేస్తే, "లోపల ఏం జరుగుతాండాదో చెయ్యికి తెలుస్తాది అవ్వా" అనేది.

మా అక్క విశ్వాసమ్మది పక్కిల్లే. గొంతు పడిపోయి, మంచాన పడి చాలా రోజులైంది. ఒక్కగానొక్క కొడుకు యేసుప్రసాద్ కువైట్‌లో ఉన్నాడు. ఆమెను చూసుకున్నది నేనూ ప్రేమజ్యోతీ. ఏం కావాలన్నా వేలికున్న వెండి ఉంగరంతో మంచం ఇనుప కమ్మీ మీద కొట్టేది. టక్ టక్. కాస్త ఆగి, టక్. "వస్తాండా పెద్దవ్వా" అంటూ పిల్ల పరుగెత్తేది.

ఈ మే నెలలో అక్క తెల్లారేసరికి పోయింది. ప్రేమజ్యోతికి ఆ రోజే పరీక్ష. పోనని మొండికేసింది. "పెద్దవ్వ ఇంక యాడికీ పోదు, పరీక్ష రాసి రా పో" అని నేనే తరిమాను.

యేసుప్రసాద్ ఫోన్‌లో ఏడ్చాడు. "చిన్నమ్మా, రేప్పొద్దునకు వస్తా. అమ్మ మొగం చూసేదాకా మట్టి చేయొద్దండి." సరేనన్నాను. నేనొక మాటిస్తే అది రాయి. కానీ మా ఎండలో శవం సాయంత్రం దాకా కూడా ఆగదు. వేంపల్లెలో శవాలకు ఐసుపెట్టెలు బాడుగకిచ్చే హనుమేష్ ఆటోలో ఒకటి తెచ్చాడు. అక్క ఉంగరం తీసి, కొడుక్కివ్వాలని నా కొంగున ముడేసుకున్నాను. ఆమెను పెట్టెలో పడుకోబెట్టి, ప్లగ్గు పెట్టి, హనుమేష్ ఇంకో చావింటికి పోయాడు.

మా చర్చి స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉంది. చావింట్లో మిషను కనపడితే మర్యాద కాదని పెట్టెలో మిషనుండే కాళ్ల వైపు సిలువ కుట్టిన తెల్ల దుప్పటి నేల దాకా కప్పుతారు. వచ్చినవాళ్లు ఆ కాళ్ల దగ్గరే దండలు పెడతారు. మధ్యాహ్నానికి అక్కడ పూలు మోకాలెత్తున పేరుకున్నాయి.

పాటలు పాడుతూ ఉన్నాం. పెట్టె గుయ్యిమనే మోత ఆగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి సన్నగా ఒక మూలుగు. ఆ వెంటనే, టక్.

పాట ఆగింది. మళ్లీ మూలుగు, మళ్లీ టక్.

"విశ్వాసమ్మ కొడతాండాది" అంది మా ఎదురింటి గిడ్డమ్మ, లేస్తూ. అంతే, గది ఖాళీ. నేనొక్కదాన్నే మిగిలాను. భయపడే రకాన్ని కాదు. మోకాళ్ల నొప్పికి లేవలేకపోయాను, అంతే. పెట్టె అద్దం లోపలి నుంచి తెల్లగా ఆవిరి పట్టింది. అక్క మొహం కనపడటం లేదు.

అప్పుడే ప్రేమజ్యోతి వచ్చింది. పెట్టె కాళ్ల వైపు అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసింది. "కాలిపోతాండాది గదవ్వా!" దండలు పక్కకు తోసి దుప్పటి లాగేసింది. "ఈ జాలీలోంచే ఇది వేడి బయటికి కక్కేది. మూసేస్తే మోటరు ఆగిపోతాది. మళ్లీ లేవబోయి, లేవలేక టక్కుమంటాది. మీరు విన్నది అదే."

అని ప్లగ్గు పీకేసింది.

గడప అవతల నుంచి గిడ్డమ్మ, "ఉన్న కరెంటు గూడా పెరికేస్తివేమే! రేపు యేసుప్రసాద్‌కు ఏం చూపిస్తావు?" అని అరిచింది.

"రోంచేపు చల్లారనియ్యాల అత్తా. ఇప్పుడే వేస్తే మోటరు కాలిపోతాది. అప్పుడు చూపించేదానికి ఏమీ ఉండదు."

ప్లగ్గు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. బయట ఎండ తెల్లగా మండుతోంది. ఊళ్లో కుక్క కూడా అరవడం లేదు.

టక్ టక్. కాస్త ఆగి, టక్.

కాళ్ల వైపు నుంచి కాదు. తల వైపు నుంచి. నేను పిల్ల ఒళ్లోకి చూశాను. ప్లగ్గు అక్కడే ఉంది. కొంగు తడుముకున్నాను. ఉంగరం ముడి వేసింది వేసినట్టే ఉంది. గడప దగ్గర గిడ్డమ్మ లేదు.

ప్రేమజ్యోతి లేచి తల వైపుకు పోయి, ఎప్పుడూ మంచం దగ్గర మాట్లాడే గొంతుతోనే, "వస్తాడు పెద్దవ్వా, మామ వస్తాండాడు. రోంచేపు ఓర్చుకో" అంది. తర్వాత కాళ్ల వైపు చెయ్యి ఆనించి చూసి, ప్లగ్గు పెట్టింది. పెట్టె ఒక్కసారి వణికి గుయ్యిమంది. సాయంత్రానికి అద్దం తేటపడింది. అన్నిటికంటే చివర మొహం కనపడింది.

"తల వైపు చప్పుడు గూడా మోటరుదేనా?" అని అడిగాను.

"రేకు చల్లారితే చప్పుడు చేస్తాదని మా సార్ చెప్పినాడు" అంది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

పొద్దున యేసుప్రసాద్ వచ్చాడు. మూత తీయడానికి ప్రేమజ్యోతి ప్లగ్గు పీకి, తల వైపు రేకు మీద అరచెయ్యి ఆనించింది. ఏ చప్పుడూ లేదు. అక్క నిద్రపోతున్నట్టే ఉంది. కొడుకు నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

నేను రాత్రంతా నడుముకే ఉన్న కొంగు ముడి విప్పి, ఉంగరం అతని అరచేతిలోకి జార్చాను. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది గూడా పెట్టెలోనే ఉండెనా చిన్నమ్మా? మంచుగడ్డ మాదిరుండాది."

నేల మీద పడ్డ ఉంగరాన్ని ప్రేమజ్యోతి తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. మిషను మీద అరచెయ్యి ఆనించినట్టే నిలబడింది. లోపల ఏం జరుగుతోందో నాకు చెప్పలేదు.