మూడేళ్ళు పెట్టిన రొట్టెలు

మా అమ్మాయికి నాలుగో ఏడు నడుస్తుండగా పొట్ట ముందుకు రావడం మొదలైంది. కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయాయి. రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు. అప్పుడు మేం కలకత్తాలోని గార్డెన్ రీచ్‌లో, రేవులో పనిచేసే మా ఆయనకిచ్చిన క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. దగ్గర్లోని డాక్టరు నులిపురుగులన్నాడు, మందిచ్చాడు. తగ్గలేదు. ఆర్నెల్ల తర్వాత ఇంకొకాయన రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ రాసి, బలమైన తిండి పెట్టమన్నాడు.

బలమైన తిండంటే నాకు తెలిసింది గోధుమ. అన్నం తగ్గించి, అప్పటిదాకా ఒకపూటే పెట్టే రొట్టెలు రెండుపూటలా పెట్టాను. బడికి డబ్బాలోనూ అవే. పిల్ల కంచం ముందు ఏడుస్తూ కూర్చునేది.

"నాకొద్దమ్మా. రొట్టె తింటే కడుపు నొప్పెడతాది."

"సాకులు చెప్పకు. తినకపోతే బలమెలాగొస్తాది?"

ఒకసారి నోట్లో ముక్క ఉమ్మేస్తే వీపు మీద ఒకటిచ్చాను. ఏడుస్తూనే మింగింది.

వేసవి సెలవుల్లో శ్రీకాకుళం దగ్గర మా అమ్మావాళ్ళింటికి వెళ్ళాం. అక్కడ పొద్దున చద్దన్నం, మిగతా రెండుపూటలా వేడన్నం. మూడు వారాలకు విరేచనాలు ఆగాయి. పిల్ల వీధిలోకి పరుగెత్తి ఆడుకుంది.

"కలకత్తా నీళ్ళు పడనేదే పిల్లకి" అంది అమ్మ.

నిజమే అనుకున్నాను. తిరిగొచ్చాక నీళ్ళు మరగబెట్టి, వడగట్టి పట్టాను. ఆ నీళ్ళతోనే పిండి కలిపాను.

ఏడో ఏట బడిలో ఎత్తు కొలిచి, పిల్ల బొత్తిగా ఎదగడం లేదని టీచరు కబురు పెట్టింది. భవానీపూర్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ నన్నేమీ అడగలేదు. పిల్లను దగ్గరికి తీసుకుని, ఏం తింటే నొప్పొస్తుందని బెంగాలీలో అడిగింది.

"రుటి" అంది పిల్ల వెంటనే.

ఆవిడ నావైపు తిరిగింది. "ఈ మాట ఇంతకుముందు ఎవరికైనా చెప్పిందా?"

"నాకు చెప్పింది" అన్నాను.

రక్తపరీక్ష చేశారు, గొట్టం వేసి పేగు చూశారు. సీలియాక్ జబ్బట. గోధుమలో ఉండే గ్లూటెన్ ఈ పిల్ల పేగును దెబ్బతీస్తోందట. మందు లేదు, గోధుమ, మైదా, రవ్వ జన్మంతా మానెయ్యడమే.

ఇంటికొస్తూ బస్సులో నేను ఏడుస్తుంటే మా ఆయన, "డాక్టర్లకే తెల్లేదు, నీకేటి తెలుస్తాది? ఊరుకో" అన్నాడు. కానీ ఆ డాక్టర్లకు పిల్ల మాట నేనెప్పుడూ చేరవేయలేదు.

ఇప్పుడు తనకు పద్నాలుగేళ్ళు. ఆరోగ్యంగా ఉంది. ఎత్తు పెరిగింది కానీ, పోయిన మూడేళ్ళ ఎదుగుదల పూర్తిగా రాకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మధ్య నన్ను క్షమించమని అడిగాను.

"ఇప్పుడదంతా ఎందుకమ్మా? నీకు తెల్దు కదా" అంది.

తనే నాకు చెప్పిందని తనకు గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేకపోయాను.