గాజుగొట్టంలో తెలుపు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు. ఉన్న ఓపికంతా మా చెల్లెలి అత్త ఆ రోజుల్లోనే తినేసింది.

చెల్లెల్ని ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్లకు ఇచ్చిన రెండో ఏడు, తొంభైలు ముగిసే కాలం. దాని మొహం, కాళ్లు ఉబ్బాయి. అత్త మురిసిపోయింది.

"మా ఇంటి కూడు పట్టింది సూడమ్మే, ఎంత నున్నగైందో" అని వీధంతా చెప్పుకుంది. మెట్టెలు బిగుసుకుంటున్నాయంటే కంసాలి దగ్గర సాగదీయించింది గానీ, కాళ్లెందుకు ఉబ్బాయని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

నేనే నంద్యాల తీసుకుపోయాను. అక్కడి డాక్టరు మూత్రంలో నురగ చూసి కర్నూలుకు పంపాడు. వీపు వైపు నుంచి సూది దించి, మూత్రపిండం నుంచి సేమ్యా ముక్కంత తీశారు. "కిడ్నీ కోసుకుంటాండారు" అని వెంట వచ్చిన అత్త వరండాలో కూలబడింది. ఆమెను లేపడం ఒక పని.

పరీక్ష చూసి పెద్ద డాక్టరు చెప్పిన మాట నాకింకా గుర్తే. "ఇది లూపస్. ఒంటిని కాపాడాల్సిన బలమే మూత్రపిండాల మీద పడింది. వాపు ఎక్కువే, కానీ మచ్చ కట్టలేదు. మందులకు లొంగుతుంది."

చెల్లెల్ని మా ఇంట్లోనే పెట్టుకున్నాను. నంద్యాల డాక్టరు గాజుగొట్టం, స్పిరిటు దీపం ఇచ్చి నేర్పాడు. పొద్దున్నే మూత్రం కాచి, పులుపు మందు చుక్క వేయాలి. తెల్లగా విరిగితే ఒంట్లోని సత్తువ కారిపోతున్నట్టు. మొదట్లో విరిగిన పాలలాగే ఉండేది. ఏడాది తిరిగేసరికి తేటగా నిలిచింది.

"రోగం అణిగింది, పోలేదు. నేను చెప్పేదాకా మాత్ర ఆపొద్దు" అన్నాడు డాక్టరు. మాత్రలు తగ్గించేకొద్దీ వాటివల్ల వచ్చిన ఉబ్బు కూడా దిగి, దాని మొహం పెళ్లినాటి మొహమైంది. అత్తింటికి పంపాను.

నెల తర్వాత చూడబోతే మళ్లీ ఉబ్బి ఉంది.

"అత్తా, మాత్రలు యాడ పెట్టినావ్?"

"బిడ్డ ఎండిపోయిందమ్మే. వేడి చేస్తాండయ్ అని నేనే ఆపినా. ఇప్పుడు సూడు, మొగం ఎట్ల నిండిందో."

ఏమనాలి ఆ మనిషిని? చెల్లెలి మూత్రం గొట్టంలో పట్టి, సంచిలోంచి దీపం తీసి పొయ్యి పక్కనే వెలిగించాను.

"నా వంటింట్లో ఉచ్చ కాస్తాండావా? బుద్దుందా నీకు?"

"సూడత్తా, నువ్వే సూడు."

గొట్టంలో తెలుపు లేచింది.

"ఇదేందీ?"

"నీ కోడలి నిండుతనం."

అత్త జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దించి మాత్రల పొట్లం తీసింది.

డాక్టరు అత్తనూ నన్నూ కలిపి తిట్టాడు. మాత్రలు మళ్లీ పెంచాడు. గొట్టం తేటబడడానికి ఈసారి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటినుంచి దీపం అత్తదే. ఎప్పుడైనా నేను కాస్తే, "నీకు సరిగ్గా కాయను రాదు, ఇట్ల తే" అని లాక్కుంటుంది. నాకే చెబుతుంది!

సరే, చాలాసేపు కూర్చున్నారు. మీ ఇంటి ఆడపిల్లల కాళ్లకు మెట్టెలు ఎన్నడూ బిగుసుకోకూడదు. ఒకవేళ బిగుసుకుంటే, కంసాలి కంటే ముందు డాక్టరు గుర్తొచ్చే పెద్దదిక్కు మీ ఇంట్లో ఉండాలి. చల్లగా ఉండండి.