తువ్వాలును మనిషిగా లెక్కపెట్టిన రోజు

2023 నవంబరు. ప్రొద్దుటూరులో నాకు చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. మనుషులను తీసుకుపోవడం, తిరిగి తీసుకురావడం, ఇన్నేళ్లుగా ఇదే నా పని. మా సంఘం వాళ్లను యెరూషలేముకు తీసుకుపోయాను. హిందువులను కాశీకి ఎన్నిసార్లు తీసుకుపోయానో లెక్కే లేదు. గంగలో మునకలేయించే ఈ సామేలును చూసి మా పాస్టరు గారే నవ్వేవారు.

ఆ ఏడాది పులివెందుల, వేముల, జమ్మలమడుగు నుంచి ఇరవై రెండు మంది వచ్చి కూర్చున్నారు. “కాశీ చూసినాం, రామేశ్వరం చూసినాం. ఇంగ ఓడ ఎక్కాల సామేలూ” అన్నారు. ఓడ ప్రయాణం నాకూ కొత్తే. ఆ మాట బయటికి చెప్తానా? “దాందేముంది, ఎక్కుదాం” అన్నాను.

సింగపూరులో ఎక్కాం. మూడోరోజు పొద్దున ఓడ థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఆగింది. ఇలా రేవులో దిగి ఊరు చూసి వచ్చే రోజును షోర్ డే అంటారు. ఆ రోజుకు ఉన్న నియమం ఒక్కటే, ఆల్ అబోర్డ్ టైం. అంటే అందరూ తిరిగి ఓడలో ఉండాల్సిన గడియ. ఆ రోజు అది నాలుగున్నర. అయిదింటికి ఓడ కదులుతుంది. ఎవరి కోసమూ ఆగదు.

పొద్దునంతా హాయిగా గడిచింది. సముద్రపు ఒడ్డున కొబ్బరిచెట్ల కింద మావాళ్లు పంచెలు ఎగ్గట్టి నీళ్లలో నిలబడ్డారు. ఆడవాళ్లు చీరలు తడుపుకుని చిన్నపిల్లల్లా అరిచారు. ఓడ వంటవాళ్లను బతిమాలి కట్టించుకొచ్చిన పులిహోర తిన్నాం. వేముల ఓబులేశు మామ మాత్రం సముద్రం వైపు చూడనే లేదు. ఆయన అరటి రైతు. రోడ్డు పక్కన ఎక్కడ అరటిచెట్టు కనబడినా “గెల సూడు, గెల సూడు” అంటూ అందరి ప్రాణం తీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు పండ్లు, జీడిపప్పు అమ్మే అంగళ్ల దగ్గర పావుగంట ఆపించాను. ఉన్నట్టుండి వాన దంచింది. అందరూ పరుగెత్తి బస్సెక్కారు. నేను ముందర నిలబడి హెడ్ కౌంట్ చేశాను, అంటే తలలు లెక్కపెట్టాను. ఇరవై రెండు. “పోదాం” అన్నాను డ్రైవరుతో.

మా సీమలో ఒక అలవాటుంది. ఆర్టీసీ బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు మనదే. మనిషి టీ తాగడానికి పోయినా సరే, దాన్ని ఎవరూ ముట్టరు. ఓబులేశు మామ ఫుకెట్ బస్సులోనూ అదే చేశాడు. ఆగిన ప్రతిచోటా సీటులో తువ్వాలు పరిచి దిగాడు. ముందు రెండుసార్లూ బస్సు కదిలే వేళకు వెనక తలుపు దగ్గర గాలికి నిలబడి ఉన్నాడు. మూడోసారీ అంతే అనుకున్నాను. తువ్వాలును చూసి, మనిషి ఉన్నాడని లెక్కేసుకున్నాను. ఆయన భార్య లక్ష్మమ్మకు తెలియదా అంటారేమో. మా బస్సుల్లో ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. ఆమె ముందు సీట్లో కునుకు తీస్తోంది.

మూడుంబావుకు రేవు గేటు చేరాం. ఒక్కొక్కరూ మెడలోని ఓడ కార్డు చూపించి లోపలికి పోతున్నారు. లక్ష్మమ్మ పక్కకు తిరిగి నిలబడింది.

“మా ఆయప్ప యాడ?” అంది.

బస్సులోకి పరుగెత్తాను. తువ్వాలుంది. మనిషి లేడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అరవై ఆరేళ్ల మనిషి, చక్కెర జబ్బు, మాత్రలు భార్య సంచిలో ఉన్నాయి. తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఫోనుకు అక్కడ సిగ్నలు లేదు.

గేటు దగ్గరున్న ఓడ ఆఫీసరుతో నాకొచ్చిన ఇంగ్లీషులో మొరపెట్టుకున్నాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. “నాలుగున్నర దాటితే మీ పాస్‌పోర్టులు తీసి పోర్ట్ ఏజెంటుకు ఇచ్చేస్తాం.” పోర్ట్ ఏజెంటంటే రేవులో ఓడ తరఫున పనులు చూసే మనిషి. అంటే ఓడ పోతుంది, మేం మిగిలిపోతాం.

మిగతా ఇరవై మందిని గుంపులోని రిటైర్డ్ మాష్టారికి అప్పగించి ఎక్కించాను. లక్ష్మమ్మ గేటు ముందున్న బెంచీ మీద కూర్చుండిపోయింది. “నేను ఎక్కను. ఆయప్ప వస్తేనే ఎక్కుతా. నువ్వు పో ముందు” అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

టాక్సీలో ముప్ఫై అయిదు నిమిషాలు. దారంతా కిటికీలోంచి రోడ్డు వెతుకుతూనే ఉన్నాను. తెల్లచొక్కా కనబడితే చాలు, బండి ఆపించబోయేవాణ్ణి. ఏ లారీ కిందైనా పడ్డాడేమో, కళ్లు తిరిగి ఏ కాలవలోనైనా పడ్డాడేమో. వేములకు ఏ ముఖం పెట్టుకుని పోను? దేవుడా, నా ఆఫీసు పోయినా పర్వాలేదు, మనిషిని చూపించు అని పైకే అన్నాను. డ్రైవరు నావైపు చూసి బండి వేగం పెంచాడు.

అంగళ్ల దగ్గర ఆయన లేడు. మీసం తిప్పినట్టు, పంచె కట్టినట్టు సైగలు చేస్తే అంగడామె వెనకవైపు చెయ్యి చూపించింది. వెనక్కి పోతే వాననీళ్లతో నిండిన కాలవ. గట్టు మీద ఆయన చెప్పులు, పక్కపక్కన. నీళ్ల వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

“మామా!” అని అరిచాను.

“వస్తాండా! వస్తాండా! పోవాకండప్పా!”

కాలవ అవతల అరటితోటలోంచి ఓబులేశు మామ పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. వెనకాలే ఆ తోట ఆసామి, చేతిలో వెదురుబొంగు పట్టుకుని. గాలివానకు ఒరిగిన చెట్లకు ఇద్దరూ కలిసి వెదుర్లు పోటు పెట్టి నిలబెడుతున్నారట. నాకు కోపం నషాళానికంటింది.

“మేం ఆడ చస్తాంటే నువ్వు ఈడ సేద్యం చేస్తాండావా మామా?”

ఆయన నా మణికట్టు పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు. టాక్సీలో కూర్చున్నాక చెప్పాడు.

“ఒంటికి పోసుకోను అంగళ్ల ఎనక్కు పోయినా. వచ్చేసరికి బస్సు కదిలింది. శానాదూరం పరిగెత్తినా సామేలూ. అరిచినా. ఆ వానకు ఎవురికి ఇనపడ్తాది? మళ్లీ ఈడికే వచ్చినా. ఊరికే కూచుంటే చచ్చిపోతానేమో అన్నంత భయమేసింది. చేతులకు పనుంటే రోంత తగ్గుతాదని తోటలోకి పోయినా.”

నేను దాచలేకపోయాను. “నీ తువ్వాలును చూసి నువ్వు ఉండావనుకున్యా మామా. తప్పు నాదే.”

ఆయన చప్పున నావైపు తిరిగాడు. “ఎవురికీ చెప్పాకు. మనోళ్లకు తెలిస్తే నీ యెంట ఇంగెవురూ రారు. ఎక్కినాక నేనే చెప్పకుండా దిగినానంటా. నువ్వు నోరు మూసుకో” అన్నాడు.

నాలుగూ ముప్ఫై ఆరుకు రేవులో దిగి, బెంచీ మీదున్న లక్ష్మమ్మనూ లేపుకుని పరుగెత్తాం. ఓడ ఎక్కే మెట్లవంతెన దగ్గర ఆఫీసరు కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులో మూడు పాస్‌పోర్టులు. ఏజెంటు అప్పటికే వచ్చి పక్కనే ఉన్నాడు. ఆఫీసరు గడియారం చూసి, మమ్మల్ని చూసి, తప్పుకుని దారిచ్చాడు. ఎక్కాక లక్ష్మమ్మ మొగుణ్ణి తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసి, అప్పుడు ఏడ్చింది. ఆ తరువాత మొదలుపెట్టింది తిట్టడం.

మామ అన్నమాట ప్రకారమే చెప్పాడు. “నాదే తప్పు, ఎక్కి మళ్లీ దిగినా.” ఓడలో మిగిలిన రోజులు ఆయన్ను ఆడుకోనివాళ్లు లేరు. భోజనాల దగ్గర “మామను కట్టేయండప్పా, అరటిచెట్టు కనపడ్తాది” అని ఒకరు, “బుద్ధుండాల వయసొచ్చినంక” అని ఇంకొకరు. లక్ష్మమ్మయితే పూటకోసారి. ఆయన తల వంచుకుని తినేవాడు. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అప్పటినుంచి నేను నిలబడి లెక్కపెట్టడం మానేశాను. చివరి సీటు దాకా పోయి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, వాళ్లు పలికాకే ముందుకు కదులుతాను. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఆ రోజు నాకు నేర్పింది ఇదేనని చాలామందికి చెప్పాను కూడా. కానీ అసలు పాఠం అది కాదు.

తిరిగొచ్చాక ఇద్దరినీ వేములలో నేనే దింపాను. మామ పెట్టెలు మోసుకుని లోపలికి పోయాడు. ఇంటిముందు లక్ష్మమ్మ ఒక్కతే ఉంది. ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. “అమ్మా, ఆ పొద్దు మామ తప్పేం ల్యా. లెక్క తప్పింది నేను.”

“నాకు ఆ పొద్దే తెల్సు” అంది ఆమె. “ఎక్కినోడు మళ్లీ దిగే మనిషి గాదు ఆయప్ప. నువ్వు చెప్తావో చెప్పవో అని చూస్తాండా.”

ఆమె అరుగు మీద కూర్చుంది.

“మనిషిని మరిసిపోవడం ఎవురికైనా జరుగుతాది సామేలూ. నేను గూడా నిద్రపోయింటి గదా. అది గాదు నేను అడిగేది. అంతమందిలో ఆయప్పను నేను అన్ని మాటలంటాంటే, పక్కనే కూచోని తింటాంటివే. ఆ కూడు నీకు గొంతు ఎట్ల దిగిందప్పా?”

లోపలినుంచి మామ “సామేలుకు కాపీ పెట్టుమే” అని కేక వేశాడు. ఆమె లోపలికి పోయింది. నేను కాఫీ తాగకుండానే కారెక్కాను.