రాహుకాలంలో ఇంగ్లీషు ఫ్రెంచి యుద్ధం

నిన్న గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఆఫీసు బస్సు కదలకుండా చచ్చిపడి ఉంటే, ఫోన్లో మా ఇంటి గ్రూపు మోగింది. నాన్న ఒక వీడియో పంపాడు. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రం కింద సొరంగంలో రైలు దూసుకుపోతోంది. కింద ఆయన వ్యాఖ్య: ‘వందల ఏండ్లు కొట్టుకున్నోళ్లు ఎంత మంచిగ కలిసిపోయిన్రో చూడున్రి.’ పక్కన రెండు దండం బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట అనే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉందేమో గానీ మా నాన్నకి లేదు.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. నేను ఇంటర్. అక్క హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, తన టీములోనే పనిచేసే కోస్తా అబ్బాయిని ఇష్టపడింది. నాన్న సర్కారు బడిలో సోషల్ చెప్పేవాడు; పొద్దున బడి, సాయంత్రం ధర్నా. ఆయన్ని ఒప్పించేసరికి అక్క సగమైపోయింది. అబ్బాయివాళ్లది కూకట్‌పల్లి, మాది నానక్‌రామ్‌గూడ. ఆదివారం మధ్యాహ్నం వచ్చి తాంబూలాలు మార్చుకోవాలి. దారిలో రాస్తారోకో. వాళ్లు చేరేసరికి ముహూర్తం పోయి రాహుకాలం పట్టుకుంది. అది దాటేదాకా తాంబూలం ముట్టకూడదని రెండువైపుల ఆడవాళ్లూ పట్టుబట్టారు. ఆ రోజు రెండు ప్రాంతాలూ కలిసి ఒప్పుకున్నది అదొక్కటే.

మరి ఆ గంటన్నరా ఏం మాట్లాడుకోవాలి? “రాష్ట్రం ముచ్చట తీస్తే నా మీదొట్టు నాన్నా” అని అక్క ముందే చెప్పింది. అబ్బాయి కూడా వాళ్ల నాన్న చేత అలాంటి ఒట్టే వేయించాడట. ఆయన రిటైరైన ఉద్యోగి, చరిత్రంటే పిచ్చి. కాబోయే వియ్యంకులిద్దరూ వెతికి వెతికి, ఎవరికీ తగలనంత దూరంలో ఉన్న విషయం పట్టుకున్నారు: ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ చేసుకున్న యుద్ధాలు.

మొదట్లో ముచ్చటగానే సాగింది. బాణాలు, బురదలో కూరుకుపోయిన గుర్రాలు, ఫ్రెంచి సైన్యాన్ని నడిపినందుకు మంటల్లో కాల్చేసిన పల్లెటూరి పిల్ల. “పాపమండీ” అని ఆయన, “అవు, పాపం” అని నాన్న. మిరపకాయ బజ్జీలు నములుతూ రెండు రాజ్యాల శవాలను చకచకా దాటేశారు. వంటింట్లోంచి అక్క నాకేసి చూసి నవ్వింది కూడా. ఆ దిక్కుమాలిన యుద్ధం అక్కడే ఆగితే బాగుండేది. ఓడెక్కి మన తీరానికొచ్చింది.

“మా కోస్తా సర్కారు జిల్లాల్ని ఫ్రెంచివాళ్ల చేతిలో పెట్టింది మీ నిజామే కదండీ” అన్నారాయన.

నాన్న బజ్జీ ప్లేటు పక్కన పెట్టాడు. “మా నిజాం ఏంది సార్? మా నెత్తి మీద గూడ కూసున్నడు. మరి ఇంగ్లీషోళ్ల బళ్లల్ల సదువుకొని, ఈడికొచ్చి మా కొలువులు పట్టుకపోయిందెవరు?”

“అంటే మేం దొంగలమా అండీ?”

“నేనన్ననా? మీరే అంటున్రు.”

రాష్ట్రం అన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఒట్టు మాత్రం ఎవరూ తప్పలేదు! ఆయన లేచారు. అబ్బాయి చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నారు. అక్క తాంబూలం పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది. “జర ఆగండి అంకుల్... నాన్నా, జరసేపే, రాహుకాలం అయిపోవస్తుంది” అంది. చెప్పులేసుకుంటున్నవాళ్లు తలెత్తలేదు. నాన్న ఆపలేదు.

తర్వాత ఫోన్లో వెతికి చదివాను. ఆ సర్కారు జిల్లాల కోసం చందుర్తి దగ్గర జరిగిన యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు గెలిచారు, ఫ్రెంచివాళ్లు ఓడారు, రెండువైపులా తుపాకులు మోసినవాళ్లలో ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలే. ఎవడి కొట్లాటకో ఇక్కడివాళ్లు చావడమే రోతంటే, ఆ ఎంగిలి కొట్లాటని మా ముందు గదిలోకి తెచ్చి మళ్లీ వడ్డించుకున్నారు ఈ పెద్దమనుషులు. అక్క మర్నాడు అదే ఆఫీసుకి, అదే టీములోకి వెళ్లి అతని పక్క సీట్లో కూర్చుంది. కొన్నాళ్లకు కంపెనీ మారింది. ఆ తర్వాత నాన్న చూసిన సంబంధం చేసుకుంది. బాగానే ఉన్నానంటుంది.

నేను బస్సులో కూర్చుని నాన్నకి నాలుగు కడిగేద్దామని టైపు చేస్తుండగానే, ఆ వీడియో కింద అక్క బొటనవేలు బొమ్మ పెట్టింది. వందల ఏళ్లు నరుక్కున్న ఆ రెండు దేశాలకూ కలిసిపోయేంత టైం దొరికింది. మా అక్కకి మాత్రం రాహుకాలం దాటేంత టైం కూడా ఎవరూ ఇవ్వలేదు.