లక్ష్మీరాజం ఫొటో మీద లింకు

గోదావరికి కోపం వస్తే అరవదు. పళ్ళు బిగబట్టి పని చేసుకుపోతుంది. నిజామాబాద్‌లో ఆమె డీటీపీ దుకాణానికి ఆనుకునే నా జిరాక్స్ దుకాణం, కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. 2008లో ఆమె ఒక పెద్దమనిషికి చేసిన మర్యాద తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది.

ఆ పెద్దమనిషి లక్ష్మీరాజం, సర్కారు కొలువు చేసి రిటైరైనవాడు. చెరకు, పసుపు తెగుళ్ళ మీద ఆరువందల పేజీల పుస్తకం రాసి, సీడీగా రైతులకు పంచాలనుకున్నాడు. విషయసూచికలో తెగులు పేరు నొక్కితే దాని మందు రాసిన పేజీ తెరుచుకోవాలి. అలాంటి లింకులు నాలుగువందల ఇరవై అయిదు. గోదావరి రెండు నెలలు కూర్చుని కట్టింది.

ఆమె తల్లి భీమవ్వ బీడీలు చుట్టి బిడ్డను చదివించింది. కార్ఖానాలో బీడీలను పాతికేసి కట్టలుగా చూసి, నాసివి ఏరి పారేసే పనిని చాటన్ అంటారు. గోదావరి లింకులకూ అదే చేసింది. పాతిక నొక్కి చూస్తుంది, ఒక్కటి దారి తప్పినా ఆ కట్ట మళ్ళీ మొదటి నుంచి. పదిహేడు కట్టలూ గట్టెక్కాకే పీడీఎఫ్ ఆయన చేతిలో పెట్టింది.

బోధన్‌లో ఒక ఫంక్షన్ హాలు. కోటగిరి, రెంజల్ రైతుల ముందు లక్ష్మీరాజం తన పుస్తకాన్ని ఆవిష్కరణకు ముందే ఒకసారి తెర మీద చూపబోయాడు. ఎర్రకుళ్ళు అని నొక్కాడు. కదల్లేదు. దుంపకుళ్ళు నొక్కాడు. అదీ అంతే. అక్షరాలు నీలంగానే ఉన్నాయి, కింద గీత కూడా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోదు. మహానుభావుడి చేతిలో మైకు ఉంది.

"బీడీలు చుట్టేటోళ్ళకు కంప్యూటర్ పని ఇస్తే గిట్లనే ఉంటది," అన్నాడు.

చాలామంది నవ్వారు. బిడ్డ పని చూద్దామని కొత్త చీర కట్టుకుని వచ్చిన భీమవ్వ మొదటి వరుసలోనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి నడిచింది. ఆ వారంలోనే రెండు బడులవాళ్ళు గోదావరికి ఇచ్చిన పనులు వెనక్కి తీసుకున్నారు. అంతకన్నా తల్లి ముఖమే ఆమెను ఎక్కువ కాల్చింది. ఆ మైకులోనే ఆ మాట వాపసు తీసుకునేలా చేస్తానని నాతో చెప్పింది.

సభలో చూపిన సీడీ ఒకటి సంపాదించి ఫైలు వివరాలు తెరిచింది. తయారైన తేదీ, తాను ఇచ్చిన మూడు రోజుల తరువాతిది. ఎవరో వేరే దుకాణంలో ముందు ఒక పేజీ కలిపి, మొత్తం పుస్తకాన్ని ప్రింట్ నొక్కి కొత్త పీడీఎఫ్ చేశారు. ప్రింట్ కంటికి కనబడేదాన్నే పట్టుకుంటుంది, అక్షరాల వెనక కట్టిన దారిని వదిలేస్తుంది. అందుకే నీలం రంగు మిగిలింది, లింకు చచ్చింది. ఇంతకీ ఆ కలిపిన పేజీ ఏమిటి? శాలువా కప్పుకున్న లక్ష్మీరాజం ఫొటో!

నెల తిరిగేసరికి అసలు ఆవిష్కరణ. లింకులు కట్టేవాళ్ళు ఇంకెక్కడా దొరక్క ఆయన గోదావరి దగ్గరికే వచ్చాడు. ఆమె తేదీ చూపించింది. కొలువంతా ఏ కాగితమైనా ప్రింటు తీస్తేనే పూర్తయినట్టు బతికిన మనిషి, ఫొటో కలిపి ప్రింటే కదా తీయమన్నానని నసిగాడు. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనిమ్మన్నాడు. మైకులో నిజం చెబితేనే పని చేస్తానంది గోదావరి. అలాగేనన్నాడు.

ఆమె తన దగ్గరున్న అసలు ఫైలులోనే ఫొటో పేజీ చేర్చి, లింకులు నిలిచేలా ఎక్స్‌పోర్ట్ చేసింది. పేజీ పెరిగినందుకు దారి తప్పినవాటిని సరిచేసింది. మళ్ళీ పదిహేడు కట్టలు. ఈసారి నాసివి ఏరడానికి భీమవ్వే పక్కన కూర్చుంది. అంతా అయ్యాక, ఎవరూ అడగని లింకు ఇంకొకటి ఫొటో మీద కట్టింది. సార్ మాట నిలబెట్టుకుంటే దీని గతేమిటని అడిగాను.

"నిలబెట్టుకుంటే గా ఫొటో మీద నేనెందుకు ఒత్తుత?" అంది.

కానీ ఆ లింకు రెండువందల సీడీల్లోకీ ఎక్కింది. ఆయన మీద ఆమెకున్న నమ్మకం అంత.

అదే హాలు. మొదటి వరుసలో అదే చీరలో భీమవ్వ. కంప్యూటర్ ముందు గోదావరి. ఎర్రకుళ్ళు నొక్కగానే పేజీ తెరుచుకుంది, చప్పట్లు పడ్డాయి. రైతుల చేతుల్లోకి సీడీలు వెళ్ళాయి. లక్ష్మీరాజం మైకు అందుకుని అరగంట మాట్లాడాడు. చివర్లో మొన్నటి సంగతి ఎత్తాడు.

"పని శాతగానోళ్ళు చెడగొట్టిండ్రు. నేనే దగ్గర కూసొని బాగు చేయించిన," అన్నాడు.

గోదావరి తల ఎత్తలేదు. మొదటి పేజీకి వెళ్ళి శాలువా మీద నొక్కింది. పుస్తకం చివర ఆమె కలిపిన పేజీ తెర నిండా తెరుచుకుంది. పైన రెండు ఫైళ్ళ తేదీలు. కింద ఇలా ఉంది: "ఈ పుస్తకంలో లింకులు కట్టినది గోదావరి. తన ఫొటో కోసం వేరేచోట ప్రింటు చేయించి వాటిని తెంపించినది లక్ష్మీరాజం. మళ్ళీ కట్టినది గోదావరి. చూసి పాస్ చేసినది ఆమె తల్లి, బీడీ కార్మికురాలు భీమవ్వ."

వెనక వరుసలో రెంజల్ రైతు ఒకాయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చదవడం పూర్తి కాకముందే హాలంతా నవ్వింది. భీమవ్వ కొంగు ఈసారి నోటి దగ్గరికి పోలేదు. లక్ష్మీరాజం కంప్యూటర్ ఆపబోయి, మైకు చేతిలో ఉండగానే గోదావరి మీదికి వంగాడు. ఆమె మెల్లగానే అడిగింది, మైకు మాత్రం అందరికీ వినిపించింది.

"సార్, గీ లింకు మంచిగనే పని చేస్తున్నదా?"