నేను ఇవ్వని గోలి

మా హెడ్మాస్టరు గారు మందుల రేకు పెట్టె తాళంచెవి నా చేతిలో పెట్టినప్పుడు చెప్పిన కారణం ఒక్కటే. జీవశాస్త్రం చెప్పే టీచరమ్మకు వైద్యం కూడా వస్తుందట. కప్ప బొమ్మ గీసి భాగాలు గుర్తించడం వేరు, పిల్లకు జ్వరం గోలి ఇవ్వడం వేరు అని వాదించాను. ఆయన వినలేదు. పెట్టెలో జ్వరం గోలీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, దెబ్బలకు రాసే మందు ఉండేవి. కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఉన్న మా హైస్కూల్లో ఆసుపత్రి అంటే ఆ పెట్టె, డాక్టరంటే నేనే.

కొంచెం గొప్పగానే చెప్పుకుంటున్నాను, చెప్పుకోనివ్వండి. ఆ పెట్టెను నేను నడిపినట్టు ఎవరూ నడపలేదు. లెక్కల పీరియడుకు ముందు కడుపునొప్పి వచ్చే మగపిల్లలతో వాము నమిలించి, గోరువెచ్చటి నీళ్లు తాగించి, తిరిగి లెక్కల క్లాసుకే పంపేదాన్ని. నిజం జ్వరమైతే మాత్రం జగిత్యాల శిక్షణలో డాక్టరమ్మ నేర్పిన పద్ధతి తప్పేదాన్ని కాదు. గోలి ఇచ్చే ముందు ఇంట్లో ఏం వేశారో తల్లిని అడగాలి. తల్లి దొరక్కపోతే తడిగుడ్డ, నీళ్లు, పడుకోవడానికి బల్ల, అంతే. తోటి టీచర్లు నా చాదస్తానికి నవ్వేవారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులు వచ్చాయి. బడికి తాళం పడింది. మేమందరం బడి ముందే టెంటు వేసుకుని కూర్చునేవాళ్లం. బస్సులు లేవు కాబట్టి కోరుట్ల నుంచి ఎవరి బండి దొరికితే వాళ్ల వెనక కూర్చుని వచ్చేదాన్ని, టెంటులోకి తెచ్చి పెట్టిన మందుల పెట్టె తాళంచెవి కొంగుకు ముడేసుకుని. సమ్మె మాకు గానీ పిల్లల జ్వరాలకు కాదు కదా.

ఆ రోజు వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. హెడ్మాస్టరు గారే గరిటె పట్టారు. మధ్యాహ్నం మండలం నుంచి నాయకులు వస్తారు, వాళ్లు రాగానే మా పదో తరగతి అమ్మాయి పాట పాడాలి. ఆ పిల్ల గొంతెత్తిందంటే పక్క చేలల్లో కూలీలు కూడా పని ఆపి వినేవారు. తండ్రి దుబాయిలో ఉన్నాడు, తల్లి కూలికి పోతుంది. కొన్ని వారాలుగా ఆ పిల్లకు పాట తప్ప వేరే ధ్యాస లేదు.

నాయకులు వచ్చే వేళకు ఆ పిల్లే నా దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"ఒక్క గోలి ఇయ్యున్రి మేడం. పాట పాడి పోయి పండుకుంట."

"ఇంట్ల ఏమన్న ఏసుకున్నవా బిడ్డా?"

"ఏం ఏసుకోలే మేడం."

తల్లికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. మక్క కంకులు విరవడానికి చేనుకు పోయిందని, ఫోను ఇంట్లోనే ఉందని పిల్ల చెప్పింది. ఒకతన్ని బండి మీద చేనుకు పంపి, పిల్లను బడి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి నుదుటికి తడిగుడ్డ వేశాను.

ఇంతలో మైకు పట్టుకుని తిరిగే యువజన నాయకుడు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఒక్క గోలి కాడ గింత లొల్లేంది మేడం? పెద్దమనుషులు అచ్చిన్రు. పిల్ల పాడాలె."

"వాళ్లమ్మ అచ్చేదాక ఇయ్య."

"జరమొస్తే ఇయ్యని గోలీలు ఇంకెందుకు? ఇంతకు మీరు తెలంగాణ దిక్కా, ఆ దిక్కా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఆ రోజు నిజంగానే అరిచాను.

"జీతం వదులుకొని నీ కంటె ముందుగాల అచ్చి టెంట్ల కూసుంటున్న. నన్ను ఏ దిక్కు అని అడుగుతున్నవా? తెలంగాణ అచ్చినంక చూడనీకి గీ పిల్ల మంచిగ ఉండాలె గద! ఇయ్యనంటే ఇయ్య, పో!"

రోడ్డు మీద గరిటెల చప్పుడు కూడా ఆగిపోయింది. హెడ్మాస్టరు గారు వచ్చి, "ఒక్కటే గద మేడం, ఇద్దాం" అన్నారు మెల్లగా. కొంగుముడి విప్పి తాళంచెవి ఆయన ముందు పెట్టాను. "మీరియ్యున్రి సార్. నా చేతితోటి మాత్రం ఇయ్య." ఆయన దాన్ని ముట్టుకోలేదు. నిజం చెప్పాలంటే లోపల నాకూ భయంగానే ఉంది. తల్లి వచ్చి ఇంట్లో ఏమీ వేయలేదంటే, అంత ఆశపడ్డ పిల్ల పాటను వట్టి పుణ్యానికి చెడగొట్టినదాన్నవుతాను. ఆ తర్వాత ఆ ఊళ్లో మొహం ఎలా చూపించాలి?

తల్లి బండి దిగి ఉరుకుతూ వచ్చింది. చీర నిండా మక్క పీచు.

"పొద్దుగాల దుబాయి గోలీలు రెండు ఏసిన మేడం. వాళ్ల నాయిన పంపిండు. గవి మన గోలీల తీరు కాదు, మంచిగ పనిజేస్తయి."

"ఎక్కడున్నయి అవి?"

తల్లి ఇంట్లో ఉన్నాయని చెప్పబోయింది. పిల్ల లేచి కూర్చుని, చున్నీ ముడి విప్పి గోలీల పట్టీ నా చేతిలో పెట్టింది. ఒక పక్క అరబ్బీ, ఇంకో పక్క ఇంగ్లీషు. చదివాను. పేరు వేరు గానీ నా పెట్టెలో ఉన్న జ్వరం మందే. సెంటు, కంబళి లాగే గోలి కూడా దుబాయిదైతే దాని జాతే వేరని మా వైపు ఇళ్లలో ఒక నమ్మకం. పట్టీలో నాలుగు గూళ్లు ఖాళీగా ఉన్నాయి.

"నేను ఏసినయి రెండే గదనే!" అంది తల్లి.

"మల్ల రెండు నేనే ఏసుకున్ననమ్మా. జరం తగ్గలే, అన్నం గూడ తినబుద్ధి కాలే. చెప్తె పాడనియ్యరని చెప్పలే." అంటూ తల్లి మీద పడి ఏడ్చింది.

జగిత్యాల డాక్టరమ్మకు ఫోను చేశాను. ఒక్క పూటలోనే నాలుగంటే ఇప్పటికే ఎక్కువైంది, ఖాళీ కడుపున ఇంకా పడితే కాలేయానికి ముప్పు, వెంటనే కోరుట్ల ఆసుపత్రిలో చూపించమంది. నా మాట పూర్తి కాకముందే ఆ మైకు అబ్బాయి రోడ్డు మీదికి పరుగెత్తాడు. బండ్లు పోకుండా అడ్డంగా పెట్టిన బండలను తనే జరిపి, ఆటో తెచ్చి, తల్లినీ పిల్లనూ నన్నూ ఎక్కించి, తను డ్రైవరు పక్కన కూర్చున్నాడు. దారిలో రెండు చోట్ల సమ్మెవాళ్లు ఆపితే దిగి, దండం పెట్టి దారి ఇప్పించాడు. నా వైపు మాత్రం తిరగలేదు. ఆ రోజు పాట లేకుండానే సభ అయిపోయిందట.

సాయంత్రానికి, ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పాడు. అప్పుడే నా ఫోనుకు దుబాయి నుంచి కాల్ వచ్చింది. ఊరివాళ్లెవరో సంగతి చెప్పి నా నంబరు ఇచ్చినట్టున్నారు. తల్లి రెండు మాటలు మాట్లాడి ఫోను తిరిగి నాకిచ్చింది.

"మేడం, గా గోలీలు నేనే పంపిన. నా బిడ్డకు ఏం కాలే గద?"

"ఏం కాలే. మంచిగున్నది. పండుకున్నది."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"పిల్లకు జరమొస్తే చూసేటోళ్లెవరని ఈడ నాకు ఒక్కటే రంది ఉండె మేడం. అందుకే పంపిన. ఇగ పంప. ఆడ మీరున్నరు."

పడుకున్న పిల్ల మీద దుప్పటి సరిచేశాను. "ఉన్న తమ్మీ, నేనున్న" అన్నాను.